మొదటి దెబ్బ

మందస నుంచి సముద్రం వైపు పోతుంటే, కొబ్బరి తోటలు మొదలయ్యే చోట లోకనాధం కొలిమి కనబడుతుంది. కొడవలి చేసినా, బొండాలు కొట్టే కత్తి చేసినా అతని చేతి పనికి వంక పెట్టినవాడు లేడు. అసలు పేరు మాత్రం తుపాకుల మీద వచ్చింది. తాతల నాటి లైసెన్సుకి ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కనే తగిలించుకున్నాడు మహానుభావుడు.

ఈసారి పని టెక్కలి సుబేదారు చార్లెస్ గారిది. మిలటరీ నుంచి రిటైరైన మనిషి. గురి పోటీలకని, మూతి నుంచి మందు దట్టించే పాతకాలం తుపాకీ కావాలని, కాగితాలన్నీ పట్టుకొచ్చి మరీ అడిగారు. ఎనిమిది నెలలు పట్టింది. గొట్టం లోపల మెలి తిరిగే గాడులు చేత్తోనే తీశాడు. పనస చెక్కని బుగ్గకి ఆనేలా చెక్కి, నూనె పట్టించి, అరచేత్తో రుద్ది రుద్ది మెరిపించాడు. పొద్దున్నే చార్లెస్ గారు వస్తారు. మిగిలింది ఒక్కటే, మొదటి దెబ్బ.

ఆ ఇంటి కట్టుబాటు అది. కొత్త తుపాకీ ఎవరికిచ్చినా, ముందు చేసినవాడే బుగ్గ ఆనించి పేల్చాలి. గొట్టం పగిలితే చేసినవాడి మొహం మీదే పగలాలి, కొన్నవాడి మొహం మీద కాదు. తాత అలాగే చేశాడు, తండ్రీ అలాగే చేశాడు. లోకనాధం కూడా చేశాడు, ఒక్క తుపాకీకి తప్ప.

ఆ సాయంత్రం తుపాకీని నాలుగుసార్లు భుజానికెత్తాడు. నాలుగుసార్లూ బుగ్గ ఆనకముందే దించేశాడు.

దీపాలు పెట్టే వేళకి మంగ వచ్చింది, కత్తికి పదును పెట్టించుకోవడానికి. మూడేళ్ల కిందట తుపాకీ పగిలి చచ్చిపోయిన చిన్నారావు పెళ్లాం. పలాసలో జీడిపిక్కల పనికి పోతుంది. పాపం, వేళ్లన్నీ జీడి రసానికి నల్లబడిపోయాయి.

"అన్నయ్యా, ఒక మాటడుగుతాను. కోపగించుకోవు కదా?"

"ఏటమ్మా?"

"నిన్న బళ్లో నా పిల్లని ఎవులో ఏడిపించారంట. మీ అయ్య తాగీసి, రెట్టింపు మందు దట్టీసి సచ్చాడని. ఆడు అంత తెలివితక్కువోడు కాదన్నయ్యా. నువ్వే సెప్పు, నిజంగా దట్టించాడా?"

లోకనాధం చేతిలో ఆకురాయి ఆగలేదు. తలా ఎత్తలేదు. "ఆ రోజే సెప్పాను కదమ్మా. రెట్టింపే."

"పాలు పోయించుకొని వత్తాను, ఈలోగా పదునెట్టీ," అని మంగ వెళ్లిపోయింది.

ఆమె అటు వెళ్లిందో లేదో కరెంటు పోయింది. కొలిమిలో నిప్పులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. తోటలో కొబ్బరి మట్టలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. ఎక్కడో కుక్క మొరగబోయి మధ్యలోనే ఆపేసింది. ఛీ, ఏం బతుకు నాది అనుకున్నాడు లోకనాధం. కత్తి పక్కన పడేసి, చేతులకి ఏదో ఒక పని ఉండాలని తుపాకీ అందుకున్నాడు.

ఖాళీ గొట్టం మూతికి నోరు పెట్టి ఊదితే, వెనక నిప్పు అంటుకునే చిన్న రంధ్రం లోంచి గాలి బయటికి రావాలి. వస్తే దారి శుభ్రంగా ఉన్నట్టు. రంధ్రం దగ్గర వేలు పెట్టి ఊదాడు. వేలికి గాలి తగిలింది. బాగానే ఉంది.

మళ్లీ ఊదాడు. తగల్లేదు.

గట్టిగా ఊదాడు. గాలి లోపలికి పోతోంది... ఎంత ఊదినా పోతోంది... బయటికి రావడం లేదు. ఎవరో అటునుంచి పీల్చుకుంటున్నారు.

ఊపిరాడక ఆగాడు. అప్పుడు గొట్టమే ఊదింది.

వెచ్చటి గాలి. అతని నోట్లోకి, ముక్కుల్లోకి. చుట్ట వాసన. కాలిన జీడితొక్క వాసన. ఆ వాసన ఎవరిదో అతనికి తెలుసు.

"బావా..."

గొట్టం లోంచే.

"మొదటి దెబ్బ కొట్టీసినావా?"

మూడేళ్ల కిందట చిన్నారావు ఇక్కడే, ఇనుము పెట్టి కొట్టే ఈ దాగలి పక్కనే నిలబడి, నవ్వుతూ అడిగిన మాట అది. జీడితోటలోకి ఎలుగులు దిగుతున్నాయి, చప్పుడు చేసి తరమాలి, తొందరగా ఇయ్యి బావా అని ప్రాణం తీస్తున్నాడు. గొట్టం అడుగున వెంట్రుకంత బీట ఉందని లోకనాధానికి తెలుసు. పారేసి మళ్లీ చేయడానికి ఒళ్లు బరువైంది. బీటని ఇత్తడితో పూడ్చి, సాపు చేసి, మసి పూశాడు. దానికి తన బుగ్గ ఆనించడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. అయినా కొట్టీసాన్రా అన్నాడు. మర్నాడు తోటలో చిన్నారావు మొహం మిగల్లేదు. పోలీసులు అడిగితే, దట్టించే ఊచ మీది గాటు చూపించి చెప్పాడు. సరైన మందు దట్టిస్తే ఈ గాటు మూతికి సమంగా నిలుస్తుంది, వీడిది ఇంకా నాలుగు వేళ్లు పైకొచ్చుంటాది అని. వేళ్లు పెట్టి మరీ చూపించాడు. ఊరంతా నమ్మేసింది.

"కొట్టీసినావా... బావా?"

"లేదురా!" లోకనాధం గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని ఏడ్చేశాడు. "కొట్టలేదురా... బీట సూసాను... సూసే ఇచ్చాను... నువ్వు సరిగ్గానే దట్టించావురా నాయనా..."

గుమ్మంలో పాలగిన్నె కింద పడింది. మంగ నిలబడి ఉంది.

"నానడిగితే సెప్పలేదు," అంది మెల్లగా. "గొట్టానికి సెప్పినావు."

అతను తుపాకీని ఒళ్లోకి దించుకున్నాడు.

"రేపు ఊరి ముందు సెప్పు. నా పిల్ల ఇనాల." కత్తి తీసుకోకుండానే వెళ్లిపోయింది.

లోకనాధం గొట్టంలోకి ఊచ దింపి చూశాడు. టంగుమని అడుగు దాకా పోయింది. ఖాళీ. తుపాకీనీ, మందు డబ్బానీ పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని, తెల్లారే దాకా ఆ పెట్టె మీదే కూర్చున్నాడు.

పొద్దున్న చార్లెస్ గారి జీపు ఆగేసరికి పాతికమంది చేరారు. కొత్త తుపాకీ అంటే వేడుకే కదా. వెనకగా మంగ, ఆమె కొంగు పట్టుకుని పిల్ల. లోకనాధం చెప్పేద్దామనే అనుకున్నాడు. రాత్రంతా ఆ మాటే కూడబలుక్కున్నాడు.

"ఏం మేస్త్రీ, మొదటి దెబ్బ అయిందా?" అన్నారు చార్లెస్ గారు.

"కొట్టీసాను సార్. నిన్న సాయంత్రమే." అనేశాడు! తన నోట్లోంచి అదెలా వచ్చిందో అతనికే తెలీదు.

మంగ తల దించుకుంది.

లోకనాధం పెట్టె తాళం తీసి తుపాకీ అందిస్తే, చార్లెస్ గారు మిలటరీ అలవాటు కొద్దీ, దాన్ని నిలబెట్టి ముందు ఊచ దింపి చూశారు. ఊచ అడుగు దాకా పోకుండానే ఆగిపోయింది. ఇంకాస్త నొక్కారు. కదల్లేదు. గాటు మూతికి పైనే ఉండిపోయింది. సరిగ్గా నాలుగు వేళ్లు పైన.

"ఇదేంటయ్యా, మందుంది! అదీ రెట్టింపు!"

లోకనాధం అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"కొట్టలేదు సార్," అన్నాడు. "దీన్నీ కొట్టలేదు, చిన్నారావుదీ కొట్టలేదు. దానికి బీటుంది. తెలిసే ఇచ్చాను. ఆడు రెట్టింపు దట్టించలేదు. నానే అబద్ధం సెప్పాను. అమ్మా, మీ అయ్య తప్పేం లేదమ్మా..."

అప్పుడు ఊచ కదిలింది. చార్లెస్ గారు దాన్ని ముట్టుకోలేదు. దానంతటదే నెమ్మదిగా కిందికి జారింది... నాలుగు వేళ్లు... గాటు మూతికి సమంగా వచ్చి ఆగింది.

లోకనాధం మొలతాడు తడుముకున్నాడు. తాళంచెవి రాత్రి కట్టినచోటే ఉంది.

"ఇప్పుడు సరైన కొలతేనా అన్నయ్యా?" అంది మంగ.

"సరైనదే."

"అయితే కొట్టు. సేసినోడే కదా కొట్టాల."

వద్దు మేస్త్రీ, ఆగు అని చార్లెస్ గారు అంటూనే ఉన్నారు. లోకనాధం లేచి తుపాకీ అందుకుని, ఊచ లాగేసి, తోట వైపు తిరిగి భుజానికెత్తాడు. కళ్లు మూసుకుని బుగ్గ ఆనించాడు.

పనస చెక్క వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో బుగ్గ తీసినట్టు.