ఆకుల మధ్య ఖాళీ

పందుల సంగతి తాంగి చూసుకోవాలి. షామియానా గుంజలు చర్చి నుంచి తెప్పించాలి. టారో దుంపలు తవ్వించాలి, కొబ్బరిపాలు పిండాలి, రొంగో జడలకు రిబ్బన్లు కొనాలి, జుట్టు కత్తిరించడానికి ఎవరిని ముందు పిలవాలో పేర్లు చెప్పే పెద్దమనిషితో మాట్లాడాలి. వీటన్నిటికన్నా ముందు గుడ్డ కత్తిరించాలి. గుడ్డ కత్తిరిస్తేనే ఊళ్లో ఆడవాళ్లు కుట్టడానికి వస్తారు. తివాయివాయి దుప్పటి పూర్తయితేనే దాన్ని కుర్చీ మీద పరిచి, పుట్టినప్పటి నుంచీ కత్తెర తగలని పిల్లవాడి జుట్టు తీయగలరు.

అకయితి కొడుకు రొంగో తల దువ్వుతూ ఇవన్నీ మనసులో చెప్పుకుంది. వసారాలో అత్తగారు తెకురా చాప మీద మోకాళ్లూని కూర్చుని ఎర్రగుడ్డ ముందు పెట్టుకుంది. ఆ గుడ్డ అకయితి తల్లి మంగాయా దీవి నుంచి ఓడలో పంపింది. మనవడి వేడుకకు ఆమె తరఫున రాగలిగింది అదొక్కటే. ఆవిడ మోకాళ్లు ఓడ ఎక్కనివ్వడం లేదు.

తితికావెకా ఊళ్లో తివాయివాయి కత్తిరించాలంటే తెకురాయే. గుడ్డను సగానికి, మళ్లీ సగానికి, ఆపైన ఏటవాలుగా మడిచి, మడతల మీద ఇస్త్రీపెట్టె నడిపి, పైపొర మీద సుద్దతో పనసాకులు గీస్తుంది. మడత విప్పితే ఆకులన్నీ మధ్యలోంచి విచ్చుకున్నట్టు కనిపించాలి. ఈసారి మాత్రం గీయడం, చెరపడం, మళ్లీ గీయడం.

"ఇంకా గీస్తూనే ఉన్నారా అత్తయ్యా? కుట్టేవాళ్లు శనివారం వచ్చేస్తారు."

"సుద్దగీత తప్పితే అరచేత్తో తుడిచేస్తాను. కత్తెర తప్పితే దేంతో తుడవను?"

"ఎప్పుడూ ఇంత ఆలోచించరుగా!"

"ఎప్పుడూ ఈ గుడ్డ కాదుగా. నువ్వెళ్లి రిబ్బన్లు తెచ్చుకో. పిల్లాణ్ణీ తీసుకెళ్లు."

అకయితి టౌనుకెళ్లి తిరిగి వచ్చేసరికి కత్తిరింపు అయిపోయింది. ఎర్రటి ఆకులు తెల్లగుడ్డ మీద పరిచి, గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. చూస్తే కళ్లు చెదిరాయి. కానీ వసారా ఊడ్చేసి ఉంది. తుక్కు వేసే బుట్టలో ఎర్రపీలిక ఒక్కటి లేదు.

"ముక్కలేవి అత్తయ్యా? దిండు గలీబులు కుట్టుకుందామనుకున్నాను."

"ఏవో ఉన్నాయిలే," అని తెకురా ఇస్త్రీపెట్టె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నడుము నొప్పని ఏళ్లుగా చీపురు పట్టని మనిషి ఈ రోజు తనే ఊడ్చుకుంది! భర్తతో చెబితే తాంగి నవ్వాడు.

"గుడ్డముక్కల మీద నిఘానా? మంగాయా వాళ్లు అనుమానాన్ని పాలతో పాటు తాగుతారట."

"మీ అమ్మ ఎప్పుడైనా చీపురు పట్టిందా, అది చెప్పు."

"ఒళ్లు బాగుండి ఉంటుంది. సంతోషించు."

అకయితి సంతోషించలేదు. మర్నాడు బట్టలు ఆరేస్తుంటే కిటికీ లోపల అత్తగారి గొంతు వినిపించింది. ఎదురుగా ఆడపడుచు మెరె ఉంది. మెరెకు కొత్తగా ఆడపిల్ల పుట్టింది. ఇంటిల్లిపాదీ ఆ పిల్లను చిన్నది అనే పిలుస్తారు.

"మిగిలినదంతా చిన్నదానికే," అంటోంది తెకురా. "అకయితికి ఇప్పుడే తెలియనివ్వకు."

"తెలిస్తే వదిన ఊరుకుంటుందా అమ్మా?"

"కుట్టేశాక తెలిసినా ఏం చేయలేదు."

తడి దుప్పటి అకయితి చేతిలోంచి జారి గడ్డి మీద పడింది. తన తల్లి పంపిన గుడ్డ. తన కొడుకు పేరుతో వచ్చిన గుడ్డ. ఇన్నేళ్లు ఈ ఇంట్లో వండి, ఊడ్చి, మామగారి చివరి రోజుల్లో ఒళ్లు తుడిచిన కోడలికి ఒక మాట చెప్పక్కర్లేదు. కూతురి పిల్లకు మాత్రం దాచిపెట్టాలి!

తెకురా చర్చికి వెళ్లగానే అకయితి ఆమె గది వెతికింది. కుట్టుమిషను వెనక దిండు గలీబు ఉబ్బుగా కనిపించింది. మంచం మీద గుమ్మరించింది. చిన్న చిన్న ఎర్రముక్కలు, ఒక్కొక్కటీ ఆకు ఆకారంలో. ఒకదాని మీద ఒకటి పేర్చి చూసింది. అంచుకు అంచు సరిపోయింది. తుక్కుకు ఇంత ఒద్దికైన అంచులుండవు. పెద్దాకుల మధ్య ఖాళీని కూడా తెకురా ఆకులాగే గీసింది. అందుకే అన్నిసార్లు చెరిపింది! మిగిలినవి కావివి, మిగల్చాలని ముందే లెక్క వేసుకున్నవి. పక్కనే తెల్లగుడ్డ, పసిపిల్లను కప్పేటంత.

శనివారం పొద్దున్నే ఆడవాళ్లు వచ్చేశారు. గుడ్డ చుట్టూ కూర్చుని తలా ఒక ఆకు పట్టారు. వాళ్లలో పెద్దది పొకొయినా, సూదిలోకి దారం ఎక్కించలేక పక్కవాళ్లను తిడుతోంది.

"తెకురా చేతిలో ఏముందో గానీ పీలిక కూడా పారేయదమ్మా. మా ఆయన్ని ఇస్తే ఆయన్నీ మడిచి కత్తిరించి ఇద్దర్ని చేసేది."

"ఇద్దరెందుకే, ఒక్కడికే వండలేక చస్తున్నావు," అంది ఇంకొకామె. అందరూ గొల్లుమన్నారు.

"పారేయదు, దాచుకుంటుంది," అంది అకయితి.

నవ్వులు ఆగిపోయాయి. అకయితి లోపలికెళ్లి గలీబు తెచ్చి చాప మీద దులిపింది.

"మా అమ్మ పంపిన గుడ్డ ఇది. నా కొడుక్కని పంపింది. ఇందులో సగం ఎవరికి పోతోందో మీరే అడగండి."

"వదినా, లోపలికి రా, మాట్లాడదాం," అంది మెరె కంగారుగా.

"నువ్వు మాట్లాడకు! నీ పిల్లకు తివాయివాయి కావాలంటే నన్నడగలేకపోయావా? ఇచ్చేదాన్ని. దొంగతనంగా ఎందుకు?"

"మా అమ్మను దొంగంటావా? ఇది నా పిల్లకని నీకెవరు చెప్పారు?"

"నా చెవులే చెప్పాయి. చిన్నదానికే అంది మీ అమ్మ."

మెరె తల్లివైపు చూసింది. తెకురా చెల్లాచెదురైన ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి ఒళ్లో పెట్టుకుంటోంది. తలెత్తకుండానే అంది:

"మెరె పిల్ల ఈ మధ్య వచ్చింది. ఈ ఇంట్లో చిన్నది అంతకుముందే ఉంది."

అత్తగారి చూపు ఎటు వెళ్లిందో అకయితి చూసింది. ముంగిట్లో మామగారి సమాధి, దాని పక్కనే మూరెడు తెల్లటి సున్నపు గట్టు.

రొంగో ఒంటరిగా పుట్టలేదు. వాడి వెనకే ఒక ఆడపిల్ల పుట్టి, ఆ సాయంత్రమే కన్నుమూసింది. మోయెరోవా అని పేరు పెట్టి పూడ్చిపెట్టారు. దీర్ఘనిద్ర అని అర్థం.

"మీ మామయ్య పోయి అప్పటికి నెల," అంది తెకురా. "పెట్టెలో ఉన్న తివాయివాయిలన్నీ ఆయనకు చుట్టి పంపించేశాను. ఊరందరికీ కత్తిరించిపెట్టే నేను, నా మనవరాలిని ఆసుపత్రి తువ్వాల్లో చుట్టి మట్టిలో పెట్టానే. ఇప్పుడు వాడికి ఊరంతా వచ్చి జుట్టు కత్తిరిస్తుంది, కానుకలిస్తుంది. ఒకే కడుపులో పడుకున్నవాళ్లు కదా, దాని వంతేదీ? అందుకే ఒకే గుడ్డలోంచి ఇద్దరికీ వచ్చేలా గీశాను. వాడి ఆకుల పక్కనే దానివి."

"నాతో చెప్పొచ్చుగా," అంది అకయితి.

"ఎలా చెప్పను? ఆ పేరు ఎత్తితే లేచి వెళ్లిపోతావు. ఆ గట్టుకు సున్నం వేసేటప్పుడు కూడా మొహం తిప్పుకుంటావు. అయినా అడగాల్సింది. మీ అమ్మ గుడ్డ అది. తప్పే."

అకయితి చాప మీద కూలబడి అత్తగారి ఒళ్లో తల పెట్టింది. చెంప కింద గుడ్డముక్కలు తడిసిపోయాయి. పేరు పలికితే పాప మళ్లీ చచ్చిపోతుందని భయపడి ఇన్నేళ్లూ ఆ పేరును పళ్ల బిగువున పట్టుకుంది. తను పలకనందువల్లే పాప ఎవరికీ లేకుండా పోయిందని ఇప్పుడు తెలిసింది.

"మెరె, నిన్ను పాడు మాటలన్నాను."

"అన్నావు. రెండు రోజులు నా పిల్ల గుడ్డలు ఉతికితే సరిపోతుంది," అంది మెరె ముక్కు తుడుచుకుంటూ.

"ఏడుపు తర్వాత," అంది పొకొయినా. "ముందు నాకెవరైనా దారం ఎక్కించండే. పెద్దది మేం చూసుకుంటాం. చిన్నదాన్ని తల్లే కుట్టాలి."

వేడుక నాడు రొంగో పనసాకుల మీద దొరలా కూర్చున్నాడు. జడ జడకీ రిబ్బను. సున్నపు గట్టు మీద చిన్న తివాయివాయి పరిచి ఉంది. పేర్లు చెప్పే పెద్దమనిషి గొంతు సవరించుకుని మొదటి పేరు పిలిచాడు.

"మోయెరోవా. పిల్లవాడి చెల్లెలు."

జనం మధ్యలోంచి అకయితి లేచింది. కూతురి బదులు కత్తెర అందుకుని, మొదటి జడ తీసింది.

ఇంతవరకు చదివినవారికి ఒక మనవి. మిగతావాళ్లను మరిచిపోయినా పరవాలేదు, వాళ్లను పిలిచేవాళ్లు ఉన్నారు. మోయెరోవాను మాత్రం గుర్తుపెట్టుకోండి. వీలైతే ఆ పేరు ఒక్కసారి పైకి అనండి.