రెండుసార్లు తడితే పద

లిఫ్టులు బాగుచేసేవాడికి మెట్లంటే పడదని లోకం అనుకుంటుంది. ఈ మెకానిక్ విషయంలో అది నూటికి నూరుపాళ్ళూ నిజం. రెండో అంతస్తుకి వెళ్ళాలన్నా లిఫ్టు వచ్చేదాకా గోడకి చేరగిలబడి ఆవలిస్తూ నిలబడే రకం. అలాంటివాడు కొండెక్కుతానని బయల్దేరేసరికి వీధి వీధంతా నవ్వింది. నవ్వినవాళ్ళే చందాలూ రాశారు. మెకానిక్, అతని స్నేహితులు టైలరూ లెక్కల టీచరమ్మా, ముగ్గురూ శిఖరం మీద నిలబడి ఫోటో పంపాలి. పంపితే ఆ చందా అంతా పిల్లల ఆసుపత్రిలో గుండె జబ్బుల వార్డుకి వెళ్తుంది.

ఆ వార్డులో కిటికీ పక్క మంచం మెకానిక్ మేనకోడలిది. ఎత్తుకుంటే బరువే తెలియని పిల్ల, అందుకే దాన్ని పిచ్చుక అంటాడు. కొండ దిగిన మర్నాడే దానికి ఆపరేషన్. "పిల్ల బలహీనంగా ఉంది, చూద్దాం" అని డాక్టరు అన్నప్పటి నుంచీ మెకానిక్‌కి ముద్ద దిగడం లేదు. ఊరికే కూర్చుని దిగులుపడలేక ఈ కొండని నెత్తికెత్తుకున్నాడు.

సాధన కూడా పిచ్చుకతోనే చేశాడు. అది ఆసుపత్రిలో చేరకముందు, సాయంత్రాలు మెట్ల దగ్గర గొంతుక్కూర్చుని "ఎక్కు తల్లీ" అనేవాడు. అది వీపెక్కి మెడ వాటేసుకునేది. మాట్లాడితే ఆయాసం కాబట్టి భుజం మీద తట్టేది. ఒకసారి తడితే ఆగు. రెండుసార్లు తడితే పద. మావయ్య బండి, అది డ్రైవరు.

మధ్యాహ్నం దాటాక ముగ్గురూ శిఖరం చేరారు. టీచరమ్మ మోకాళ్ళు పట్టుకుని కూలబడింది. ఫోటో అయ్యాక టైలరు, "పిచ్చుకకి ఒక వీడియో పంపుదాం రా" అన్నాడు.

మెకానిక్‌కి మహా హుషారొచ్చింది. లోయవైపు వీపు పెట్టి గొంతుక్కూర్చున్నాడు. చేతులు వెనక్కి చాపి గట్టిగా అరిచాడు.

"ఎక్కు తల్లీ! దిగిపోదాం!"

అందరూ నవ్వారు. లేవడానికి అతను నేల మీద చెయ్యి ఆనించాల్సి వచ్చింది. వయసు మీద పడుతోందనుకున్నాడు.

దిగడం మొదలుపెట్టాక మంచు కమ్మింది. ముందు కొండ అంచులు పోయాయి, తర్వాత దారి పోయింది, ఆఖరికి ముందు నడుస్తున్నవాళ్ళ కాళ్ళు కూడా కనబడటం మానేశాయి. అందరికంటే ముందు టీచరమ్మ, మధ్యలో టైలరు, చివర మెకానిక్. రాళ్ళ మీద బూట్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. మెకానిక్ ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

భుజం మీద ఎవరో రెండుసార్లు తట్టారు.

"వస్తున్నాలే టీచరమ్మా, తొందరపెట్టకు" అన్నాడు, ఆవిడ వెనక్కి వచ్చిందనుకుని.

"నన్నేనా?" టీచరమ్మ గొంతు ఎక్కడో ముందు నుంచి వినబడింది.

మెకానిక్‌కి వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. నడిచాడు. బ్యాగు ఎందుకో నడుము వంచేస్తోంది. ఏళ్ళ తరబడి తెరవని పెట్టె తెరిచినట్టు, తడిసి ముక్కిన ఉన్ని వాసన. మెడకి ఏదో ఆనుకుంది. చల్లగా... చిన్న చెంపలాగా.

పిచ్చుక వీపెక్కితే దాని ఆయాసం వెచ్చగా మెడకి తగిలేది. దీనికి ఊపిరే లేదు.

"ఒరేయ్... ఆగండ్రా" అన్నాడు. అరవబోతే గుసగుస వచ్చింది.

టైలరు వెనక్కి వచ్చి అతని కోటు వంక చూశాడు.

"బ్యాగులో ఏముంది?"

"నీళ్ళసీసా. తాడు."

"బ్యాగు బరువైతే భుజాలు కిందికి లాగుతాయి. నీ కాలరు వెనక్కి లాగుతోంది." టైలరు ఇంకా దగ్గరికి వంగాడు. "రెండు పక్కలా ముడతలు... గుప్పిళ్ళతో పట్టుకున్నట్టు. చిన్న గుప్పిళ్ళు."

టీచరమ్మ వచ్చి బ్యాగు పట్టీలు ఊడదీసింది. బ్యాగు దభీమని కిందపడింది.

బరువు పడలేదు.

"నువ్వే కదా ఎక్కమన్నావు" అన్నాడు టైలరు, పెదవులు కదిపీ కదపనట్టు. "నువ్వే దిగమను."

మెకానిక్ గొంతుక్కూర్చున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "దిగు... తల్లీ."

బరువు జారుతుందేమోనని వీపు వంచి ఉంచాడు.

భుజం మీద తట్టింది. ఒకసారి... మళ్ళీ ఇంకోసారి.

పద.

ఆ తర్వాత ఎలా దిగాడో అతనికే తెలియదు. ప్రతి మలుపులోనూ కూర్చుని బతిమాలాడు. ప్రతిసారీ రెండు తట్లే. టీచరమ్మ అతని చెయ్యి పట్టుకుని, "వెనక్కి చూడకు. నాతో పాటు పదమూడో ఎక్కం చెప్పు" అంది. చిన్నపిల్లాడిలా ఏడుస్తూ చెప్పాడు. తప్పులు చెప్పినా ఆవిడ దిద్దలేదు.

కొండ కింద బండి దీపాలు కనబడగానే వీపు తేలికైనట్టనిపించింది. టైలరు వేళ్ళతో కాలరు తడిమి చూశాడు. ముడతల్లేవు. "చలికి బుర్రలు పాడయ్యాయి మనకి" అని నవ్వబోయి నవ్వలేకపోయాడు. బండెక్కాక పిచ్చుక కోసం తీసిన వీడియోని చూడకుండానే చెరిపేశాడు.

మర్నాడు పొద్దున్నే మెకానిక్ ఆసుపత్రికి వెళ్ళాడు. రాత్రంతా పడుకున్నా భుజాలు పట్టేసే ఉన్నాయి. కొండెక్కితే ఆమాత్రం ఉండదా అని సర్దిచెప్పుకున్నాడు. వార్డు ముందున్న లిఫ్టుని చూడగానే ప్రాణం కుదుటపడింది. దాన్ని నెలనెలా చూసుకునేది అతనే. బరువెక్కువైతే మోగే గంటని బిగించిందీ అతనే. ట్రాలీతో పాటు అరడజను మంది ఎక్కినా ఆ గంట కిక్కురుమనదు.

పిచ్చుకని అప్పటికే ట్రాలీ మీద పడుకోబెట్టారు. అక్క అవతలి పక్క నిలబడి దాని జుట్టు సవరిస్తోంది.

"మావయ్యా, పైదాకా ఎక్కావా?"

"ఎక్కా బంగారం. నువ్వు కూడా ధైర్యంగా వెళ్ళొచ్చెయ్" అని ముద్దు పెట్టడానికి వంగాడు.

భుజం మీద తట్టింది. ఒక్కసారే.

ఆగు.

పిచ్చుక చేతులు రెండూ దుప్పటి కిందే ఉన్నాయి. అక్క చేతులు దాని జుట్టులో ఉన్నాయి. మెకానిక్ వీపు మీద నుంచి ఏదో జారినట్టు తేలికైపోయింది. రాత్రంతా ఆ బరువు అక్కడే ఉందని అప్పుడు తెలిసింది.

అతను తలెత్తేలోపే నర్సు ట్రాలీని లిఫ్టులోకి నెట్టేసింది. లోపల ఆమె, పిచ్చుక. ఇంకెవరూ లేరు.

గంట మోగింది.

"ఇదేంటి, ఇద్దరమేగా ఉన్నాం" అని నర్సు విసుక్కుంటూ బటన్ నొక్కింది. గంట ఆగలేదు.

"సిస్టర్! పాపని బయటికి తీయండి... బయటికి తీయండి!" మెకానిక్ అరుస్తూ పరిగెత్తాడు.

పిచ్చుక అతని వంక చూడలేదు. తల పక్కకి తిప్పి, ఎవరూ లేనివైపు చూసింది.

"చలేస్తోందా?" అని మెల్లిగా అడిగింది.

ట్రాలీ అంచుకి జరిగి, దుప్పటి కొస పైకెత్తి పట్టుకుంది. దిండు రెండో పక్క నెమ్మదిగా లోపలికి దిగింది.

గంట ఆగిపోయింది. తలుపులు మూసుకున్నాయి.