ముప్పై ఎనిమిది శాతం

ఆ రోజు పొద్దున సువర్ణకు మొదటి కోపం మూడు చక్రాల బండి మీద వచ్చింది.

ముగ్గు గిన్నె పట్టుకొని తలుపు తీస్తే వాకిట్లో సగం అదే. మరిది శశిధర్‌కు ప్రభుత్వం ఇచ్చిన మోటారు బండి. వచ్చి ఏడాదిన్నర దాటినా దాని సీటు మీది ప్లాస్టిక్ కవరు తోడికోడలు ప్రత్యూష ఇంకా తీయలేదు. పైగా రోజూ తడిబట్టతో తుడుస్తుంది. ఆ తుడవడం చూస్తే సువర్ణకు ఒళ్ళు మండుతుంది. మిగిలిన సగం వాకిట్లో ఇరుకు ముగ్గొకటి గీసి, పిండి చెయ్యి దులుపుకొని లోపలికి వచ్చింది.

కోదాడలో ఆ ఇంటిని ఇప్పుడు ఆరు ఓట్ల ఇల్లంటారు. అత్తగారు స్వరాజ్యలక్ష్మి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, ఈ మధ్యనే పద్దెనిమిది నిండిన సువర్ణ కూతురు అక్షిత. వంట ఒకటే, పొయ్యి ఒకటే, ఓటు కూడా ఎప్పుడూ ఒకటే. ఎన్నికలకు ముందు అత్తగారు ఒక మాట చెబుతుంది, అందరూ అక్కడే గుద్దుతారు. పెద్దకొడుకు సుధాకర్ మిర్యాలగూడలో రైసుమిల్లు గుమాస్తా, శనివారాలు ఇంటికొస్తాడు. చిన్నవాడు శశిధర్ మార్కెట్లో బియ్యం కొట్టు నడుపుతాడు. ఆరేళ్ళ కింద మేళ్లచెరువు దారిలో లారీ బోల్తాపడి వెన్ను దెబ్బతింది. అప్పటి నుంచి కాళ్ళు మాట వినవు.

పాపం అనుకోవాల్సిన చోట సువర్ణ అసూయపడుతుంది. నిజం చెప్పాలంటే ఆమెకు కూడా అది సిగ్గుగానే ఉంటుంది, కానీ ఆగదు. పింఛను ఆయనకే, బండి ఆయనకే, బస్సు పాసు ఆయనకే. కొట్టు ముందు నుంచి పోయే ప్రతివాడూ "శశన్నా, బాగున్నవా?" అని ఆగి అడుగుతాడు. నా బిడ్డను ఒక్కరన్నా అడిగారా అని ఆమె బాధ.

అడగకపోవడానికి కారణం కూడా ఆమే. అక్షితకు పుట్టుకతోనే ఎడమ కాలు బలహీనం, కొంచెం పొట్టి. ఆ సంగతి ఇంటి గడప దాటకుండా పద్దెనిమిదేళ్ళు కాపాడింది సువర్ణ. చెప్పులో బట్ట మడత పెట్టింది. చీలమండలు కప్పే లంగాలు కుట్టించింది. పెళ్ళిళ్ళకు అందరికంటే ముందు తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టేది. అందరూ వెళ్ళాకే లేపేది. నడుస్తుంటే చూసేవాళ్ళుండకూడదు, అంతే. రేపు సంబంధాలు చూడాలి కదా అనేది. కోదాడ కోమటిళ్ళల్లో ఒక మాట బయటపడితే సాయంత్రానికల్లా సూర్యాపేటకు చేరుతుందని ఆమె భయం.

రెండేళ్ళ కింద సూర్యాపేటలో వికలాంగుల సర్టిఫికెట్ల శిబిరానికి వెళ్ళారు. శశిధర్‌కు ఎనభై శాతం రాశారు. అక్షితకు ముప్పై ఎనిమిది. నలభై ఉంటేనే పింఛను, కాలేజీలో కోటా, ఇంకేదైనా. రెండు శాతం తక్కువ. ఆ రెండు శాతం ఎటు పోయిందో సువర్ణకు బాగా తెలుసు. స్లాట్లు బుక్ చేసింది ప్రత్యూష. మొగుణ్ణి ముందు లోపలికి పంపింది. డాక్టర్ల దగ్గరున్న శాతాలన్నీ ఆయనకే పోసేసి, గిన్నె అడుగున మిగిలింది తన బిడ్డకు వేశారన్నట్టుగా ఆమె రెండేళ్ళుగా కుమిలిపోతోంది.

టిఫిన్లు అవుతుండగా వార్డుకు పోటీచేస్తున్న కాశీరాం పదిమందితో వచ్చాడు. మున్సిపల్ ఎన్నికలకు ఇంకా నాలుగు రోజులే. నేరుగా శశిధర్ దగ్గరికి వెళ్ళి శాలువా కప్పాడు.

"శశన్నా, పాత మున్సిపాలిటీ గోదాం ఖాళీగనే ఉన్నది గద. నేను గెలిస్తే దాన్ని మీ వికలాంగుల కేంద్రం చేయిస్త. వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీ డాక్టరు గీడికే వస్తడు. ఇగ సూర్యాపేట తిరుగుడు ఖతం."

ఫోటోలు తీశారు. అక్షిత టీ గ్లాసుల పళ్ళెం తెచ్చి తలుపు దగ్గరే నిలబడింది. కాశీరాం ఒక గ్లాసు తీసుకొని, "అమ్మాయి డిగ్రీనా? మంచిగ సదువుకో," అని ముందుకు వెళ్ళిపోయాడు. సువర్ణ పళ్ళు బిగించుకొని చూస్తూ ఉండిపోయింది.

వాళ్ళు వెళ్ళాక ప్రత్యూష వంటింట్లోకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, ఈసారి మన ఆరు ఓట్లు కాశీరాం అన్నకే ఏద్దాం. అత్తమ్మకు నువ్వు జర చెప్పు. ఆ కేంద్రం వస్తే మీ మరిదికే గాదు, మన అక్షితకు గూడ..."

"మన అక్షితకేమైంది?"

ప్రత్యూష నాలుక కరుచుకుంది. "ఏం గాలేదక్కా. మెట్లెక్కి దిగి కాలు నొస్తున్నదని మొన్న నాతో అన్నది, అందుకని..."

"నీతో అన్నదా? తల్లిని నేనుండంగ నీకెందుకు చెప్తది? నా బిడ్డకేం రోగం లేదు. మీ ఆయనకు కావల్సినయి మీ ఆయనకు అడుక్కో. మధ్యల దాన్ని తేకు."

ప్రత్యూష గ్లాసులు తీసుకొని వెళ్ళింది. బిడ్డకు ఏదీ రాలేదని ఏడ్చేదీ సువర్ణే, బిడ్డకేమీ లేదని కొట్లాడేదీ సువర్ణే. ఆ రెండూ ఒక నోట్లోంచే వస్తున్నాయని ఆమెకు తట్టలేదు.

మధ్యాహ్నం అచ్చమ్మ వచ్చింది. అదే వీధి మనిషి, అవతలి అభ్యర్థి సాయిబాబు తరఫున ఇల్లిల్లూ తిరుగుతోంది. ఆ గోదాం కూలగొట్టి ఫంక్షన్ హాలు కట్టిస్తానంటున్నాడు సాయిబాబు. మజ్జిగ తాగి, మూతి తుడుచుకొని, మెల్లగా మొదలుపెట్టింది.

"మీ ఇంటికి శాలువాలొస్తున్నయటగా సువర్ణమ్మా."

"శాలువాలేం ఖర్మ, బండ్లొస్తయి, పింఛన్లొస్తయి. కాళ్ళు నిలబడేటోళ్ళకు గూడ వస్తయి."

"ఏందీ? శశిధర్ నిలబడతడా?"

సువర్ణ ఒక్క క్షణం ఆగింది. ఆగిన ఆ క్షణంలో నోరు మూసుకొని ఉంటే ఈ కథ లేదు.

"రోజు పొద్దున పెరట్ల పైపు పట్టుకొని నిలబడతడు. నేను కండ్లార సూస్త."

మిగతాది చెప్పలేదు. నిలబడేది అయిదు నిమిషాలేనని, ఆ అయిదు నిమిషాలకే చొక్కా తడిసి ముద్దవుతుందని, వెనక ప్రత్యూష కుర్చీ పట్టుకొని ఏ క్షణాన పడతాడోనని చూస్తుంటుందని చెప్పలేదు. అచ్చమ్మ వెళ్ళాక సువర్ణకు కడుపులో బరువేదో దిగినట్టు హాయిగా అనిపించింది. ఆ హాయి మర్నాటి సాయంత్రం దాకా ఉంది.

మర్నాటి సాయంత్రం సాయిబాబు ప్రచారం ఆటో మార్కెట్లోకి వచ్చి సరిగ్గా బియ్యం కొట్టు ముందు ఆగింది. "ఈ వార్డులో తన కాళ్ళ మీద తాను నిలబడే పెద్దమనిషి వికలాంగుల పింఛను తింటున్నడు! సర్కారు బండి మీద ఊరేగుతున్నడు! మన పన్నుల పైసలు గిట్ల పోవాల్నా?" అని మైకు అరిచింది. పేరు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. కొట్లో ఉన్నవాళ్ళు శశిధర్ కాళ్ళ వంక చూశారు. ఎప్పుడూ వచ్చే పిచ్చయ్యే నవ్వుతూ, "ఏదీ అన్నా, ఒకసారి నిలబడి సూపియ్యరాదు," అన్నాడట.

తెల్లారి శశిధర్ పెరట్లోకి వెళ్ళలేదు. కొట్టుకూ వెళ్ళలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. వార్త తెలిసి రాత్రి బస్సుకే మిర్యాలగూడ నుంచి వచ్చిన సుధాకర్ హాల్లో తల వంచుకొని కూర్చున్నాడు. స్వరాజ్యలక్ష్మి అందరినీ పిలిచింది.

"పెరటి తలుపేసుకొని చేసే పని బజాన్ల మైకుకు ఎట్ల తెలిసింది? ఎవలు చెప్పిండ్రు?"

ప్రత్యూష కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నేనడుగుతున్నది మనిషినే, గోడల్ని కాదు," అంది అత్తగారు.

"నేనే చెప్పిన," అంది సువర్ణ. దాచడం ఆమెకు చేతకాలేదు, లోపలున్నదంతా ఒక్కసారిగా పొంగింది. "అవును, నేనే! ఏం, అబద్ధమా? నిలబడతలేడా? ఇంట్ల ఇద్దరున్నరు. ఒకరికి అన్నీ వస్తయి, ఒకరికి ఒక్కటీ రాదు. ఎందుకొస్తది? ఆ రోజు శిబిరంల నా బిడ్డను వెనక్కి నూకి, మొగుణ్ణి ముందు పంపింది ఈమె!"

ప్రత్యూష నివ్వెరపోయింది. "అక్కా! అక్షిత పేరు రాయించిందే నేను. నీకు చెప్తే వద్దంటవని, మీసేవల రెండు పూటలు నిలబడి, రెండు స్లాట్లు తీసుకున్న. ముందు ఎవరు పోతే ఏందక్కా? ఒకరి శాతం తీసి ఇంకొకరికి ఇస్తరా?"

"మరి రెండు శాతం ఏమైనట్టు?"

"అమ్మా," అంది అక్షిత.

మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఇంట్లో కూడా గోడకు ఆనుకొనే నిలబడే పిల్ల అది.

"ఆ రెండు శాతం నేను పోగొట్టిన. డాక్టర్ సార్ ఎడమ కాలి మీద నిలబడమన్నడు. మెట్లెక్కమన్నడు. గొంతుకూర్చొని లేవమన్నడు. బస్సుల నువ్వేం చెప్పినవ్? మన కోదాడోళ్ళు మస్తుమంది వచ్చిండ్రు, పడితే అందరు సూస్తరు, చక్కగ నడువు అన్నవ్. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డ. మనసుల పది లెక్కపెట్టుకుంట నిలబడ్డ. 'ఇబ్బందేమన్నా ఉన్నదా?' అని సార్ నిన్నడిగితే, 'ఏం లేదు సార్, ఇంట్ల అన్ని పనులు చేస్తది, ఉరుకుతది గూడ' అన్నవ్. నేను ఎప్పుడన్నా ఉరికిన్నా అమ్మా?"

సువర్ణ చూపు కూతురి ఎడమ కాలి మీదికి దిగింది.

"సార్ నవ్వి, 'బాగ నడుస్తున్నవమ్మా' అన్నడు. నువ్వు గూడ నవ్వినవ్. ఇంటికొచ్చినంక మూడు రోజులు కాలు వాచిపోయింది. చెప్తే నువ్వు బాధపడతవని పిన్నితోని కాపడం పెట్టించుకున్న. బాబాయ్ నిలబడితే అబద్ధమంటున్నరు. మరి నేను నిలబడ్డది ఏందమ్మా?"

సువర్ణ నేల మీద కూర్చుండిపోయింది. రెండేళ్ళుగా ఎవరి మీద పళ్ళు నూరిందో ఆ మనిషే తన బిడ్డ కాలికి కాపడం పెట్టింది. తాను మాత్రం ఆ కాలిని లోకానికి కనపడకుండా దాచడంలో మునిగి, నొప్పిగా ఉందా అని ఒక్కనాడూ అడగలేదు. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. సుధాకర్ లేచి వచ్చి కూతురి తల మీద చెయ్యి వేశాడు.

లోపలి గదిలోంచి శశిధర్ గొంతు వినిపించింది. "వదినను ఏమనకురి అమ్మా. అక్షితను నేను గూడ ఒక్కనాడు అడగలే."

ఆ మాట తిట్టు కంటే ఎక్కువ కాల్చింది ఆమెను. "ఈసారి ఎవలి ఓటు వాళ్ళిష్టం," అని స్వరాజ్యలక్ష్మి లేచి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో అట్లాంటి మాట వినపడడం అదే మొదటిసారి.

పోలింగ్ రోజున బడి ఆవరణలో వరస బారుగా ఉంది. సగం వీధి అక్కడే. శశిధర్ రానన్నాడు కానీ సుధాకర్ బతిమాలి తీసుకొచ్చాడు. బండి గేట్లోకి రాగానే ఎవరో, "నిలబడేటాయన వస్తున్నడు," అన్నారు. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. శశిధర్ బండి వెనక్కి తిప్పబోయాడు.

సువర్ణ వరసలోంచి బయటికి వచ్చింది.

"ఆ మాట పుట్టించింది నేను," అంది గట్టిగా. "మా మరిది నిలబడేది అయిదు నిమిషాలు, పైపు పట్టుకొని, ప్రాణం బిగబట్టుకొని. కుళ్ళుతోని సగమే చెప్పిన. అచ్చమ్మా, నువ్వు మైకుల చెప్పిస్తివి గద, ఇది గూడ పోయి చెప్పు."

అచ్చమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. పిచ్చయ్య తల దించుకొని బండికి దారి ఇచ్చాడు. శశిధర్ వదిన వంక చూసి కళ్ళు తుడుచుకొని ముందుకు కదిలాడు.

అప్పుడు పోలింగ్ సిబ్బందిలో ఒకమ్మాయి తలుపు దగ్గరి నుంచి కేక వేసింది. "వికలాంగులు ఇంకెవరన్నా ఉన్నారా? లైనుతో పని లేదు, నేరుగా రావొచ్చు."

అక్షిత వరసలో గంట నుంచి నిలబడి ఉంది. బరువంతా కుడి కాలి మీదే ఉంది. వెనక బంధువులున్నారు, కొట్ల వాళ్ళున్నారు, రేపు సంబంధాలు చెప్పాల్సిన ఆడవాళ్ళున్నారు. సువర్ణ వాళ్ళందరినీ ఒకసారి చూసింది. చెయ్యి పైకెత్తింది.

"మా అమ్మాయి ఉన్నదమ్మా. ఎడమ కాలు పుట్టుకతోనే బాగలేదు. ఎక్కువసేపు నిలబడలేదు."

వెనక గుసగుస మొదలైంది. సువర్ణకు చెవులు వేడెక్కాయి, కానీ చెయ్యి దించలేదు. ప్రత్యూష వచ్చి పక్కన నిలబడింది. సువర్ణ ఆమెతో అంది, "నా ఓటు ఎవలికని నువ్వడగకు, నేను చెప్ప. గానీ ఆ కేంద్రం తెరిస్తే మొదటి రోజు దీన్ని నేనే తోలుకొస్త. సర్టిఫికెట్టుకు గూడ మళ్ళ పోదాం. స్లాటు నువ్వే తియ్యి."

"తీస్తనక్కా," అంది ప్రత్యూష.

అక్షిత అందరి ముందూ తలుపు వైపు నడిచింది. అడుగు అడుగుకూ భుజం ఒరుగుతోంది, లంగా అంచు ఒకవైపు ఊగుతోంది. నాలుగడుగులు వేసి, చిన్నప్పటి అలవాటు చొప్పున, సరిగ్గా నడుస్తున్నానా అన్నట్టు వెనక్కి తిరిగి తల్లి మొహం చూసింది.

"నన్ను సూడకు బిడ్డా," అంది సువర్ణ, కళ్ళు ధారలు కడుతుండగా. "నీకెట్లొస్తే అట్ల నడువు."