ఆపరేషన్ ఉల్లిపొర

"మోహనకృష్ణ పోయాడు," అన్నాడు చీఫ్ నరసింగరావు. కూర్చోమని కూడా అనలేదు.

శ్రీకాకుళంలో ఒక బేకరీ మీద ఉన్న గది అది. బయట బోర్డు మీద టైప్ ఇన్‌స్టిట్యూట్ అని ఉంటుంది. లోపల టైపు మిషను ఒక్కటీ లేదు. భరణి గోడకు ఆనుకుని నిలబడింది. మోహనకృష్ణ మొక్కల జబ్బుల సైంటిస్టు. పోయిన నెల ఇదే గదిలో కింద నుంచి తెప్పించిన దిల్‌పసంద్‌ని రెండు ముక్కలు చేసి, పెద్దది ఆమెకే ఇచ్చాడు.

"ఎలా సార్?"

"హైవే మీద లారీ. యాక్సిడెంట్ అంటున్నారు. బ్యాగ్‌లో శాంపిల్స్ లేవు." చీఫ్ ఒక ఫొటో ముందుకు తోశాడు. నిలువునా కోసిన ఉల్లిపాయ. "పైకి బాగానే ఉంటుంది. మెడ దగ్గర చిన్న మచ్చ. లోపల ఒక్క పొర మాత్రం మెత్తబడి పులిసిన వాసన వేస్తుంది. బాక్టీరియా. మామూలు రకమైతే పంటతో పోయేది. ఇది ల్యాబ్‌లో ముదిరిన రకం. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్న మనిషికి పట్టుకుంటే ఏ మందుకీ లొంగదు."

"ఎవరి పని?"

"విదేశీ ముఠా. కోడ్ నేమ్ ఆర్కిడ్. ముందు జబ్బు పంపుతారు, వెనకాలే మందు అమ్ముతారు. శుభమొలక అనే కంపెనీ పేరుతో చీపురుపల్లి దగ్గర ఒక ఊరికి నాటుకునే విత్తనపు ఉల్లిపాయలు ఊరికే ఇచ్చారు. అది ట్రయల్. అసలు లోడు ఎక్కడో గోడౌన్‌లో ఉంది. అది కదిలేలోగా పట్టుకోవాలి."

"ఊళ్ళోవాళ్ళకి చెప్పొచ్చా?"

"ఒక్క మాట పొక్కినా లోడు మాయమవుతుంది. చెప్పకూడదు."

"మరి పండిన పంట?"

"మచ్చ ఉన్నది మార్కెట్‌కి పోకుండా చూడు. సిటీ చేరితే ఇక మన చేతిలో ఉండదు."

కుంకుమ భరిణలో టెస్ట్ స్ట్రిప్స్, జడపిన్నులో మైక్, పంటల సర్వే ఉద్యోగిని అని ఒక ఐడీ కార్డు. ఉల్లి తినకుండా తప్పించుకోవడానికి ఒక సాకు కావాలి. అది భరణే కల్పించుకుంది. నలభై ఆరేళ్ళ ఆడది తిరుపతి మొక్కు ఉందంటే ఈ జిల్లాలో ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు.

*

ఆ ఊళ్ళో భరణి దిగిన ఇంటి ముసలమ్మ దాలమ్మ కూడా వేయలేదు.

"ఉల్లి ముట్టవా? ఓలమ్మో! మరేటి తిని బతుకుతావే అమ్మీ?"

"కొండకెళ్ళి తల నీలాలు ఇచ్చేదాకా అంతే పిన్నీ."

"మొక్కంటే మొక్కే. మా ఇంట ఉన్నన్నాళ్ళూ నీ కంట ఉల్లి పడనీను సూడు."

అన్నట్టే చేసింది. భరణి కోసమని కొత్త కుండ కొని తెచ్చింది. కత్తిపీట నిమ్మకాయతో తోమింది. ఆనపకాయ పులుసు, చింతచిగురు పప్పు, వంకాయ కాల్చి పచ్చడి, ఏది చేసినా ఉల్లి లేకుండానే. కోడలు బిందు మూతి విరిచేది.

"మా అత్త నాకొక్కనాడు ఇలా ఒండలేదప్పా. నాను కూడా ఏదో ఒక మొక్కు మొక్కేత్తాను."

"నువ్వు మొక్కాల్సింది నోరు తగ్గాలనే," అనేది దాలమ్మ. అని తనే ముందు నవ్వేది. ఆ నవ్వు దగ్గులోకి దిగేది. ఆమెకు పాతికేళ్ళ నుంచీ ఆయాసం. పొయ్యి ఊది ఊది పట్టుకున్నది.

భరణికి తల్లి పోయి పదేళ్ళయింది. ఉద్యోగం వల్ల ఆఖరి చూపుకి కూడా అందలేదు. ఇప్పుడు ఈ ముసలమ్మ రోజూ పొద్దున్నే వచ్చి, "లెగే, నీల్లు కాగినాయి" అని పాదం తట్టి లేపుతుంటే, రెండు నిమిషాలు కావాలనే కళ్ళు మూసుకుని పడుకునేది.

ఉల్లి తవ్వకం మొదలైంది. వాకిట్లో గోనెపట్టా పరిచి దాలమ్మ పాయలు ఏరుతోంది. మెడ దగ్గర వేలితో నొక్కి చూసి, గట్టివి బస్తాలోకి, మెత్తవి పక్కనున్న గంపలోకి వేస్తోంది.

"మచ్చవి సంతకి వెయ్యకు పిన్నీ. మా ఆఫీసువాళ్ళు గొడవ చేస్తారు."

దాలమ్మ చెయ్యి ఆగింది. నిజంగానే కోపం వచ్చింది ఆమెకి. "మచ్చుల్లి ఊరోలకి అంటగట్టే రకమేటే నాను? మా మావున్నప్పుడూ నేదు, ఇప్పుడూ నేదు. మంచిది సంతకి, మచ్చది పక్కకి. ఈ ఊల్లో ఏ ఆడదాన్నైనా అడుగు."

"ఊరికే అన్నాను."

"పక్కనెట్టీసినాను కదా. నీకెందుకూ, తిన్నదానివా సచ్చినదానివా!"

ఆ సాయంత్రం భరణి మెసేజ్ పంపింది. మార్కెట్‌కి వెళ్ళిన మచ్చ సరుకు: సున్నా. జవాబు వెంటనే వచ్చింది. గుడ్.

*

చీపురుపల్లి స్టేషన్‌లో మిట్టమధ్యాహ్నం. సిమెంటు బెంచీ మీద కూలింగ్ గ్లాసెస్, నెమలిరంగు షిఫాన్ చీర. ఆమె వాడిన సెంటు రెండో ప్లాట్‌ఫారం దాకా వస్తోంది.

"ఈ బండి పలాసలో ఆగుతుందాండీ?" అడిగింది భరణి.

"దిగేవాళ్ళుంటే ఆగుతుంది."

కోడ్ సరిపోయింది. రేఖ. శుభమొలక మార్కెటింగ్ మేనేజర్. ఆర్కిడ్ మనిషి, మన మనిషి కూడా. ఎవరికి ఎంత మనిషో చీఫ్‌కే తెలియదు.

"గరివిడి రోడ్డులో పాత జనపనార గోడౌన్," అంది రేఖ, అద్దంలో చూసుకుంటూ. "రేపు సాయంత్రం నాలుగింటికి లారీ కదులుతుంది. రెండు జిల్లాలకీ ఉచిత విత్తనం. పేపర్లో ఫొటోలు కూడా వేయిస్తున్నాం."

"మోహనకృష్ణ సంగతి నీకు ముందే తెలుసా?"

రేఖ అద్దం మూసేసింది. "ఒక గంట ముందు తెలిసింది. ఆ గంటా అతనికి ఫోన్ చేస్తూనే ఉన్నాను."

భరణి నమ్మాలో వద్దో తేల్చుకోలేదు. లేచి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్న ఎవరూ పాదం తట్టలేదు. దాలమ్మ ముసుగు తన్ని పడుకుని ఉంది. నుదురు కాలిపోతోంది.

"ఆసుపత్రికి వెళ్దాం లే పిన్నీ."

"నెప్పేటి? ఒళ్ళలిసిపోనాది, అంతే. నువ్వెళ్ళు. పనికి ఆలీసమవుతాది."

భరణి గుమ్మంలో నిలబడింది. నాలుగింటికి లారీ. "ఆటో మాట్లాడి ఇప్పుడే తీసుకెళ్ళు," అని బిందుకి చెప్పి వెళ్ళిపోయింది. తల్లి విషయంలోనూ ఇలాగే ఎవరికో ఒకరికి చెప్పి వెళ్ళిపోయింది.

*

మూడూ యాభై. గోడౌన్‌లో రెండు వందల బస్తాలు అప్పటికే లారీ ఎక్కాయి. సర్వే అంటూ లోపలికి వచ్చిన భరణి ఒక విత్తనపు పాయను గోటితో చీల్చి స్ట్రిప్ పెట్టింది. స్ట్రిప్ నీలంగా మారింది. తల సర్దుకుంటున్నట్టు చెయ్యి పైకెత్తి, "కన్ఫర్మ్డ్. రండి," అంది.

"సర్వే మేడమ్ గారు జడపిన్నుతో మాటాడతారేటి?"

వెనక డిపో మేనేజర్ రమేష్‌బాబు. చేతిలో బస్తాలు లాగే ఇనుప కొక్కెం. "ఒరే, బండి తియ్!" అని అరిచాడు. ఇంజన్ గర్జించింది. కొక్కెం ఆమె మెడ దాకా వచ్చింది. భరణి వంగి, రెండు చేతులా ఉల్లిపొట్టు ఎత్తి అతని కళ్ళల్లో కొట్టి, లారీ వెంట పరుగెత్తింది. అడ్డంగా గేటు దగ్గర రేఖ. చేతిలో చిన్న పిస్టల్. అది తిన్నగా భరణి గుండెకు గురిపెట్టి ఉంది.

మూడూ యాభై తొమ్మిది.

"సారీ," అంది రేఖ. పిస్టల్ అరడుగు పక్కకి తిప్పి కాల్చింది. ముందు టైరు పేలింది. లారీ గేటు స్తంభానికి గుద్దుకుని, దారి మూసేసి ఆగిపోయింది. రోడ్డు మీద పోలీసు జీపులు.

"సారీ ఎవరికి చెప్పావు?" రొప్పుతూ అడిగింది భరణి.

"ఫోన్ ఎత్తనివాడికి," అంది రేఖ. కూలింగ్ గ్లాసెస్ మాత్రం తీయలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. బిందు. "అక్కా, అత్తని సికాకులం పెద్దాసుపత్రికి తెచ్చినాం. ఊపిరందట్నేదు. ఏటి తిన్నాదని డాక్టరుగారు అడుగుతన్నారు. నాను గంప సంగతి సెప్పినాను."

"ఏ గంప?"

"మచ్చుల్లి గంపక్కా. మెత్తబడింది కోసి పారీసి, మిగిలింది అంబలితో నంజుకుంటాది కదా. ఏటేటా అంతే. ఊరందరూ అంతే. మంచిది అమ్మీడం, మచ్చది మనం తినీడం."

భరణికి రోడ్డు, జీపులు, మనుషులు అన్నీ దూరంగా జరిగిపోయాయి. "నేను ఒక్కనాడూ చూడలేదే!"

"నీ మొక్కు సెడతాదని పసువుల సాల్లో కూకొని తినీదక్కా."

చీఫ్ ఆర్డరు ఇంకా అమల్లోనే ఉంది. భరణి దాన్ని పట్టించుకోలేదు. "బిందూ, ఊరికి ఫోన్ చెయ్. ఇంటింటికీ చెప్పించు. గంపలన్నీ బయటపెట్టమను, ఒక్క పాయ ముట్టొద్దను. అది విషం. నాకు ముందే తెలుసు."

"ముందే తెలుసా?" అంది బిందు. ఊరికి చెయ్యడానికి ఫోన్ పెట్టేసింది.

*

ఆక్సిజన్ మాస్కు వెనక దాలమ్మ మొహం చిన్నదైపోయింది. భరణిని చూసి మాస్కు పక్కకి తీసింది.

"తిన్నావేటే?"

"పిన్నీ, నాకే మొక్కూ లేదు. నేను సర్వే మనిషినీ కాదు. ఆ ఉల్లిలో జబ్బుందని తెలిసే వచ్చాను. అమ్మొద్దని చెప్పాను గానీ తినొద్దని చెప్పలేదు. చెప్పకూడదన్నారు."

దాలమ్మకి ఎంత అర్థమైందో తెలియదు. పెదవుల మీదికి ఆ పాత నవ్వు వచ్చి, దగ్గు దాకా కూడా వెళ్ళలేక ఆగిపోయింది.

"దొంగముండా," అంది ముద్దుగా. "మొక్కు నేదని ముందే సెప్తే ఉల్లిపులుసు ఎట్టీదాన్ని కదే. నాను బాగా సేస్తాను."

మూడో రోజు మధ్యాహ్నం ఆమె పోయింది.

మంచాల కిందా, అటకల మీదా నలభై ఒక్క గంపలు దొరికాయి. ఆ ఊళ్ళో ఇంకెవరికీ జబ్బు ముదరలేదు. గంపలు కాల్చినచోట భరణి నిలబడి ఉండగా చీఫ్ ఫోన్ చేశాడు.

"ఆర్డరు దాటావు. అది తర్వాత మాట్లాడదాం. ముందు కంగ్రాట్స్. రెండు జిల్లాల్ని కాపాడావని రిపోర్టులో రాస్తున్నాను."

భరణి పొగ వైపు చూస్తూ ముక్కు తుడుచుకుంది.

"రాయండి సార్. రెండు జిల్లాలు, ఒక వంటిల్లు తక్కువ."