లాగుడుయంత్రం

"విదేశీ బంధాలున్నవారు హాల్లోకి రావాలి" అని మైకు అరిచింది. అంగారకుడి మీది నాలుగో గుమ్మటంలో సగం మందికి అది "గంధాలు"గా వినిపించి, భూమి నుంచి తెప్పించుకున్న అత్తరు సీసాలతో వరస కట్టారు.

"గంధాలు కాదండీ, బంధాలు. నేను వాసనలు చూడను, వరసలు చూస్తాను" అని చారుమతి వాళ్లను సీసాలతో సహా కుర్చీల్లో కూర్చోబెట్టింది. ఇవాళ ఆమెకు సాక్షులు కావాలి.

అంగారకుడికి భూమి విదేశం. గుమ్మటంలోని గాలి బయటికి పోకుండా ఆపే గాలితలుపుల తాళాలు చూసే అధికారికి అక్కడ చుట్టాలున్నా ఆస్తులున్నా నేరం కాదు. వాటిని చూపించి శత్రువు ఎంత దూరం లాగగలడన్నదే ప్రశ్న. ఒకప్పుడు ఆ తాళాలు చారుమతివే. కాకినాడలో తల్లి ఉందనీ, అక్కతో ఉమ్మడిగా ఫ్లాటు ఉందనీ డైరెక్టర్ రంగనాయకులు ఆమె అర్హత రద్దు చేయించి, ఆ పదవి తానే తీసుకున్నాడు. అధికారపు గొడుగు పోయి ఆమెకు పుట్టగొడుగుల షెడ్డు మిగిలింది. తాళాలు పోయాక తాళలేక, ఆ షెడ్డులోనే ఈ ఆకర్షణమాపకం తయారుచేసింది. ఒక్కో పేరు వినిపిస్తే మెదడు అటు ఎంత మొగ్గుతుందో ముల్లు చూపిస్తుంది. హాల్లో ఉండే మామూలు గాభరాను తీసివేయడానికి పరీక్షించేవారు కూడా రెండో పట్టీ కట్టుకోవాలి. ముల్లు చూపేది ఇద్దరి మనసుల తేడా. తన మనసు నిశ్చలమని ఆమె ధీమా.

రంగనాయకులు మొదటి పట్టీ, ఎదురు కుర్చీలో చారుమతి రెండో పట్టీ కట్టుకుని కూర్చున్నారు. ఆయన ఓడితే తాళాలు ఆమెకు తిరిగొస్తాయని ఇద్దరికీ తెలుసు.

"భూమి మీద ఉన్న మీ అబ్బాయి" అంది చారుమతి. ముల్లు కాస్త కదిలింది.

"వాడు ఫోన్ చేసి ఎన్నాళ్లయిందోనమ్మా."

"అక్కడి గనుల కంపెనీలో మీ షేర్లు?"

"పడిపోయాయిగా. అవి నన్నేం లాగుతాయి, నేనే వాటిని లేపలేక చస్తున్నా."

హాలు నవ్వింది. చారుమతి పళ్లు బిగించింది. వేలు విడిచిన మేనమామ దాకా చదివింది. ముల్లు పచ్చగీత దాటలేదు.

చివరి ప్రశ్న యంత్రమే తయారుచేసుకుని అడుగుతుంది. "భూమివాళ్లు తలుపు తీయమంటున్నారు. బదులుగా, మీకు గిట్టని మనిషిని అందరి ముందూ నేలకు దించుతారు. తీస్తారా?"

"అంత గిట్టనివాళ్లు నాకెవరూ లేరే" అన్నాడు రంగనాయకులు.

ముల్లు ఎర్రగీత దాటి అంచుకు కొట్టుకుంది.

"అబద్ధం, సార్" అంది చారుమతి తీరిగ్గా. ఎన్నేళ్లుగానో నోట్లో నానబెట్టిన మాట అది. "మా అమ్మ పేరు చెప్పి నన్ను దించారు. మీరు ఎవరిని దించడానికి తలుపులు తీస్తారో వీళ్లంతా చూశారు."

జనం గుసగుసలాడారు. "దొరికాడు" అన్నారెవరో.

"నువ్వే చెప్పు, అందరికీ వినపడేలా" అందామె యంత్రంతో.

"పొరబడ్డారు" అంది యంత్రం, హాలంతటికీ. "మొదటి పట్టీ కదల్లేదు. కదిలింది రెండోది. తల్లి తలపు వచ్చినప్పుడు కూడా ఆ పట్టీలో ఇంత లాగుడు లేదు. ఈ బంధం విదేశీది కాదు, ఎదురు కుర్చీలోది. రెండో పట్టీ కట్టుకున్న ఈమె, భూమి మీద తనకెవరూ లేకపోయినా సరే, ఆయన పతనం ఆశ చూపితే తలుపులన్నీ తీస్తుంది. ఈమెకు అర్హత లేదు."

రంగనాయకులు తన పట్టీ విప్పుకుని, లేచి, బయటికి నడిచాడు.

చారుమతి ఆయన వీపునే చూస్తోంది. ఆయన గుమ్మం దాటినా ముల్లు దిగలేదు.