నిండుకుంది

అంగారకుడి మీద పుట్టినవాళ్ళకి ముల్లు తిరిగే మీటరంటే ఏమిటో తెలీదు. అక్కడ ప్రతి యంత్రమూ తెలుగులోనే వింటుంది, తెలుగులోనే చెబుతుంది. మన మాటల్ని యంత్రం నడిచే అంకెలుగా, ఆ అంకెల్ని మళ్ళీ మాటలుగా మార్చే కంపైలర్ ఒకటుంది. దాన్ని అందరూ మాటమర అంటారు. భూమి నుంచి వచ్చిన పెద్దవాళ్ళు తయారుగా తెచ్చింది. దాని లోపలేముందో చూద్దామన్న బుద్ధి ఇన్నేళ్ళలో ఒక్కరికీ పుట్టలేదు.

పోయిన నెల వెల్డింగ్ పని చేసే ఒకమ్మాయి తన సిలిండర్‌లో గాలి ఎంతుందని అడిగింది. "నిండుకుంది" అంది సిలిండర్. అమ్మాయి నిశ్చింతగా తగిలించుకుని బయటికెళ్ళింది. శవాన్ని తెచ్చారు. సిలిండర్ ఖాళీ.

కిన్నెరకి ఆ రోజు నుంచీ అన్నం సయించలేదు. ఆమె తమ్ముడు సుధన్వ రోజూ మంచు తవ్వడానికి బయటికెళ్తాడు మరి. కిన్నెరేమో పాలకూర మడులు చూసుకునే మనిషి, ప్రోగ్రామింగ్‌లో ఓనమాలు కూడా రావు. అయినా మాటమర మూలలిపిని, అదే సోర్స్ కోడ్‌ని, ముందేసుకుని కూర్చుంది. పాతకాలం ఇంజనీరు భ్రమరాంబ గారు పక్కనే ఉండి నేర్పారు. అసలు సంగతి చెప్పిందీ ఆవిడే. వెనకటికి ఇళ్ళల్లో బియ్యం అయిపోతే ఆ మాట అనేవారు కాదట, అశుభమట. నిండుకున్నాయి అనేవారట. యంత్రం మొహమ్మీదే అయిపోయిందంటుంటే ఓర్చుకోలేక, భూమ్మీద ఉండగానే జనమే పోరి ఆ మర్యాద దానికి నేర్పించుకున్నారట. బియ్యం డబ్బా అడుగు చూడని పిల్లలకి నిండుకోవడమంటే నిండడమే కదా, పాపం!

కిన్నెర ఆ నియమాన్ని చెరిపేసి మాటమరని మళ్ళీ కట్టింది. కొత్తది కూడా ఖాళీ సిలిండర్‌ని చూసి నిండుకుందనే అంది. ఆమెకి ఏడుపొచ్చింది.

"దేంతో కంపైల్ చేశావు?" అన్నారు భ్రమరాంబ గారు.

"పాత మాటమరతోనేనండీ. ఇంకేముంది మన దగ్గర?"

"పుల్లమజ్జిగ తోడేసి తియ్యటి పెరుగు కావాలంటే ఎలాగే? నువ్వు చెరిపినా, పాతది తన మర్యాదని కొత్తదాంట్లోకి ఎక్కిస్తోంది. తోడే కొత్తగా చేసుకోవాలి."

అంటే పాతదాని చెయ్యి తగలకుండా, ఒక చిన్న కంపైలర్‌ని అంకెల్లో తనే రాసుకోవడం. కిన్నెర రాసింది. తప్పులు, తప్పుల మీద తప్పులు. చివరికొకనాడు ఖాళీ సిలిండర్ "అయిపోయింది" అంది. ఆ మాట అంత బాగుంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. కొత్త మాటమరని అన్ని యంత్రాలకీ ఎక్కించారు. ఇక నిండుకుందంటే నిండినట్టేనని తమ్ముడికి ఒకటికి పదిసార్లు చెప్పింది. నువ్వు కట్టిందైతే కళ్ళు మూసుకుని నమ్ముతానక్కా అన్నాడు వాడు.

ఆ వారమే దుమ్ము తుఫాను లేచింది. సుధన్వ బండి ఎక్కడో లోయలో కూరుకుపోయింది. కిన్నెర ముందున్న మాటమర ఆమె కట్టినట్టే, ఉన్నదున్నట్టు చెప్పింది. "సుధన్వ ట్యాంకులో గాలి అయిపోయింది. బండిలో ఉన్నది పావుగంటకే వస్తుంది. అంతలో ఎవరూ చేరలేరు."

రేడియో గరగరలాడింది. "అక్కా, దుమ్ముకి మా బండి గొంతు పోయింది. గాలి సంగతేమంటోంది నీ మర?"

కిన్నెర భ్రమరాంబ గారి వైపు చూసింది. ఆవిడ తల దించుకున్నారు.

"నిండుకుందిరా," అంది కిన్నెర.

"బతికించావు. అయితే ఇది తగ్గేదాకా ఓ కునుకు తీస్తా."

"పడుకో నాన్నా," అంది.