పునీత ఆబ్రాన్ ముఖం

రాతి పునీతుడికి ముఖం లేదు.

కెథెడ్రల్ పడమటి ద్వారం. పక్క స్తంభం మీద చెక్కిన పునీత ఆబ్రాన్ ఎనిమిది వందల ఏళ్లుగా నవ్వుతూ నిలబడ్డవాడు. ఇప్పుడు గడ్డం నుంచి నుదురు దాకా గుంట.

పోలీసు కెప్టెన్ ఒడీల్ వెర్నూ వంగి చూసింది. ద్వారానికి ఇనుప గ్రిల్. తాళం పగల్లేదు. తాళంచెవులు ఇద్దరి దగ్గరే ఉన్నాయి; ఆ ఇద్దరూ ఆమె ఎదుటే ఉన్నారు.

"ఇంకా ఏం చూస్తారు కెప్టెన్ గారూ?" శిల్పాలు బాగుచేయడానికి పారిస్ నుంచి వచ్చిన బ్రిసార్ విసుక్కున్నాడు. "నేను బాగుచేసిందాన్ని నేనే పాడుచేసుకుంటానా? ఈయనే కొట్టేసి అమ్ముకున్నాడు."

"నువ్వు కడిగి కడిగి అరగ్గొట్టావేమో చూసుకో!" అన్నాడు అన్సెల్మ్. చర్చి తలుపులు తీసి మూసే ముసలాయన. టోపీ నలుపుతున్నాడు. "త్వరగా తేల్చండమ్మా. ఇంట్లో మా ఆవిడ లియోనీ ఒక్కతే ఉంది."

"ఏమైంది ఆమెకు?"

"మొదట జ్వరం. తర్వాత వాంతులు. ఎందుకో డాక్టర్లకే తెలీడం లేదు."

ఒడీల్ లేచి నిలబడింది.

"ముఖం కావాలనుకున్న దొంగ ఉలి వాడతాడు. పెచ్చులు రాలతాయి. ఇక్కడున్నవి ఆకురాయి గీతలు. కింద పిసరంత పొడి కూడా లేదు. అంటే కావలసింది ముఖం కాదు, పొడి."

బ్రిసార్ నవ్వాడు. "పొడి ఎవరు కొంటారండీ?"

"కొనరు. తాగుతారు. నాకు జ్వరమొస్తే మా అమ్మమ్మ ఈ ఆబ్రాన్ మోకాలు గీకి సూప్‌లో కలిపేది. ఊరంతా అంతే. మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. చెయ్యి అందే ఎత్తులో ముఖమే మిగిలింది. అవునా అన్సెల్మ్ గారూ?"

అన్సెల్మ్ మెట్టు మీద కూలబడ్డాడు.

"ముఖం ముట్టుకోకూడదని తెలుసమ్మా. కానీ ఏం చెయ్యను? రోజూ ఒక చెంచా ఇచ్చాను. తగ్గట్లేదని ఈ వారం రెండు."

బ్రిసార్ నవ్వు ఆగిపోయింది.

"అన్సెల్మ్... నేను కడిగింది ఉత్త నీళ్లతో కాదు. నాచు చావడానికి మందు పట్టించాను. రాయి పీల్చుకునేదాకా."

"విషమా?" ఒడీల్ అడిగింది.

"రాయిని తినేవాళ్లు ఉంటారని నాకేం తెలుసండీ!"

"వాంతులు ఎప్పుడు మొదలయ్యాయి, అన్సెల్మ్ గారూ?"

"పొడి మొదలెట్టిన..."

ఒడీల్ అప్పటికే అంబులెన్స్‌కు ఫోన్ చేస్తోంది. అడ్రస్ రెండుసార్లు చెప్పింది. రావడానికి అరగంట పడుతుందన్నారు.

"ఇవాళ ఇచ్చారా?"

అన్సెల్మ్ తలూపాడు.

"ఎప్పుడూ సూప్ సగం వదిలేసేదమ్మా. చేదుగా ఉందనేది. పొద్దున బతిమాలాను. నా ముఖం చూసి గిన్నె మొత్తం తాగేసింది."